మధ్యలో వదిలేసి లేవగలిగే పనులు

మా ఇంట్లో ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులతో ఉండే అత్తయ్య, పొద్దున పోతే సాయంత్రానికి గానీ ఇల్లు చేరని మేమిద్దరం. ఇన్నిటి మధ్య మొక్కలకీ, సీసాల్లో నిల్వలకీ, కుట్టుపనికీ నీకు తీరికెక్కడిదని ఆఫీసులో అడుగుతుంటారు. తీరిక లేదు. నాది అకౌంట్స్ పని, నెలాఖరు వారం నేను ఇంట్లో ఉన్నా లేనట్టే. ఉన్నవల్లా చిల్లర సమయాలు. అన్నం ఉడికేలోపు పది నిమిషాలు, చిన్నాడు ఎక్కాలతో కుస్తీ పడుతుంటే పక్కన కూర్చోవాల్సిన అరగంట, ఆదివారం ఇల్లంతా లేవకముందు ఒక గంట, అంతే.

అందుకని ఏ పని నెత్తికెత్తుకోబోయినా, అది ఎంతసేపు పడుతుందన్నది నాకు తర్వాతి సంగతి. మధ్యలో వదిలేసి లేవాల్సొస్తే ఏమవుతుందని ముందు చూసుకుంటాను. అలా చూస్తే పనులు మూడు రకాలుగా తేలతాయి. ఎక్కడ ఆపినా అక్కణ్ణుంచే అందుకోగలిగినవి కొన్ని: చేతికుట్టు, కలుపు తీయడం, విత్తనాలకి పొట్లాలు మడవడం. మనం మొదలుపెట్టి పక్కన పెడితే వాటంతటవే సాగేవి కొన్ని: ఉప్పులో ఊరడం, ఎండడం, కంపోస్టు మాగడం. ఇక చెయ్యి పెట్టాక చివరిదాకా వదలకూడనివి: జామ్ కాయడం, సీసాలు సీలు చేయడం. ఈ మూడో రకానికి ఆదివారం గంట తప్ప ఇంకేదీ ఇవ్వను. మిగతా రెండు రకాలతో వారమంతా గడిచిపోతుంది.

కుండీలు తక్కువ, కానీ పెద్దవి

తీరిక లేనివాళ్లు చిన్న కుండీల జోలికి పోకూడదు. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ ఎండాకాలం పొద్దున పోసిన నీళ్లు సాయంత్రానికి ఆరిపోతాయి. మీరు ఆఫీసు నుంచి వచ్చేసరికి మొక్క తల వేలాడేసి ఉంటుంది. ఇరవై చిన్న కుండీలకి బదులు నాలుగైదు పెద్దవి పెట్టుకోండి. టమాటా మొక్కకి ఒక్కోదానికి 20 లీటర్ల కుండీ ఉండాలి. ఆకుకూరలకి లోతు అంత అక్కర్లేదు, వెడల్పు ఉంటే చాలు. మట్టికుండీ గోడల్లోంచి కూడా నీరు ఆవిరవుతుంది, ప్లాస్టిక్‌లో తేమ ఎక్కువసేపు నిలుస్తుంది. అందం చూసుకుంటారో, నీళ్లు పోసే శ్రమ చూసుకుంటారో మీ ఇష్టం. నేను ప్లాస్టిక్‌వే వాడతాను. తడిమట్టి నిండిన పెద్ద కుండీ పాతిక కిలోలు దాటొచ్చు. బాల్కనీ అయితే అన్నీ ఒక మూలకి చేర్చకుండా గోడవారగా దూరందూరంగా పెట్టండి.

మట్టి, బాగా మాగిన కంపోస్టు, కొబ్బరిపీచు పొడి మూడూ సమపాళ్లలో కలిపితే చాలామటుకు మొక్కలకి సరిపోతుంది. కుండీ అడుగున గులకరాళ్లు పరిస్తే నీళ్లు బాగా దిగుతాయని ఒక నమ్మకం ఉంది. దిగవు. సన్నటి మట్టిలోని నీరు దాని కింద ఉన్న పెద్ద ఖాళీల్లోకి తేలిగ్గా జారదు, రాళ్లకి పైనే నిలిచి వేళ్లని ముంచుతుంది. రాళ్లు మానేసి అడుగున చిల్లులు సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి.

నీళ్లు రోజూ ఇన్ని అని లెక్క పెట్టుకోవద్దు. వేలు రెండో కణుపు దాకా మట్టిలోకి గుచ్చి చూడండి. లోపల తడి తగిలితే ఆ రోజుకి వదిలేయండి, పొడిగా ఉంటే అడుగు చిల్లుల్లోంచి నీళ్లు కారేదాకా పోయండి. పొద్దున పోయడం మంచిది, ఆకుల మీద పడ్డ తడి పగలంతా ఆరిపోతుంది కాబట్టి తెగుళ్లు తగ్గుతాయి. పైన ఎండుటాకులు రెండంగుళాలు కప్పితే తేమ ఆరకుండా ఉంటుంది, కలుపూ తగ్గుతుంది. కుండీ కింద పళ్లెంలో నిలిచిన నీళ్లు మాత్రం వారానికి ఒకసారైనా పారబోయాలి. దోమ గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వెచ్చటి రోజుల్లో ఒక వారం, పది రోజులే పడుతుంది.

రెండు మూడు రోజులు నీళ్లు పోయలేనని ముందే తెలిస్తే పాత నూలు టీషర్టుని పొడుగ్గా పేలికలు కత్తిరించుకోండి. కుండీ కంటే ఎత్తులో, స్టూలు మీద నీళ్ల బకెట్ పెట్టి, తడిపిన పేలిక ఒక కొస బకెట్ అడుగుకి చేరేలా, రెండో కొస కుండీ మట్టిలో మూడంగుళాల లోతున పాతండి. గుడ్డ పీల్చుకుని నీటిని కొద్దికొద్దిగా మట్టికి దింపుతూ ఉంటుంది. బకెట్ మీద మూత పెట్టడం మర్చిపోవద్దు, మళ్లీ దోమలు. ఊరికి బయల్దేరే రోజే మొదటిసారి కట్టకుండా ముందొక రోజు కట్టి, నీళ్లు ఎంత దిగాయో చూసుకోండి. గుడ్డ మందాన్ని బట్టి ఆ వేగం మారుతుంది.

ఏం వేయాలన్నది ఎండని బట్టి. కాయలు కాసే వాటికి రోజుకి 6 నుంచి 8 గంటల ఎండ కావాలి. ఆకుకూరలు మూడు నాలుగు గంటలతో సర్దుకుంటాయి. మొదటిసారి వేసేవాళ్లు ముల్లంగితో మొదలుపెట్టండి, చాలా రకాలు 25, 30 రోజుల్లో చేతికొస్తాయి, పిల్లలకి ఓపిక చచ్చిపోయేలోపే. బీన్స్‌కి 50, 60 రోజులు. పుదీనాని దాని కుండీలో దాన్నే ఉంచండి. వేరే మొక్క పక్కన పెడితే మట్టిలోపల తీగలు పాకించి కుండీ మొత్తం ఆక్రమిస్తుంది.

టమాటా విషయంలో ఒక్కమాట. రెండు రకాలుంటాయి. పొట్టి రకం ఒక ఎత్తుకి వచ్చి ఆగిపోయి, కాయలన్నీ రెండు మూడు వారాల్లో దించేస్తుంది. పాకే రకం పెరుగుతూనే నాలుగు నాలుగు కాయలు చొప్పున నెలల తరబడి ఇస్తుంది. రోజూ కూరలోకి కావాలంటే పాకేది. సీసాలకెక్కించాలంటే పొట్టిది. ఈ తేడా అడక్కుండా నారు తెచ్చుకుంటే, పని ఎక్కువున్న వారంలోనే ఐదు కిలోలు ఒక్కసారి పండి కూర్చుంటాయి. ముల్లంగీ ఆకుకూరలూ అయితే ఉన్న విత్తనాలన్నీ ఒకేరోజు చల్లకుండా రెండు వారాలకోసారి కొన్ని చల్లితే పంట కూడా అలాగే విడతలుగా వస్తుంది.

నారు నాటడం సాయంత్రం పూట పెట్టుకోండి, రాత్రంతా మొక్క తేరుకుంటుంది. టమాటా నారుని మాత్రం కింది ఆకులు గిల్లేసి కాండం సగం దాకా పాతొచ్చు. మట్టిలోకి పోయిన కాండం నుంచి కూడా వేళ్లు వస్తాయి. కాయ అడుగున గట్టిగా నల్లటి మచ్చ కనిపిస్తే తెగులని మందులు కొట్టకండి. ఒకరోజు ఎండగట్టి ఒకరోజు ముంచేస్తే మొక్క కాయకి సరిపడా కాల్షియం అందించలేదు, ఆ మచ్చ అందుకే వస్తుంది. గుడ్డుపెంకులు నలిపి వేసేవాళ్లున్నారు, అవి మట్టిలో కరగడానికి ఏళ్లు పడుతుంది. తడి ఒకే తీరుగా ఉంచితే తర్వాత వచ్చే కాయలు శుభ్రంగా వస్తాయి.

కంపోస్టుకి వంటింటి పచ్చి చెత్త ఒక వంతు వేస్తే ఎండుటాకులో చింపిన కాగితమో రెండు వంతులు వేయాలి. వాసన వస్తోందంటే తడి ఎక్కువైందని అర్థం, ఇంకాస్త ఎండుది కలిపి తిరగేయండి. అంతకుమించి దానికి మన అవసరం లేదు.

ఫ్రీజర్ వాయిదా

నిల్వ అనగానే అందరూ ముందు సీసాల గురించే అడుగుతారు. నాకు ముందు ఫ్రీజర్. వదలకూడని పనిని ఆదివారం దాకా ఆపి ఉంచేది అదే.

టమాటాలు కడిగి, తుడిచి, తొడిమ తీసి అలాగే సంచిలో వేసి ఫ్రీజర్‌లో పెట్టేయొచ్చు, ఉడికించక్కర్లేదు. రోజుకి నాలుగు పండితే నాలుగే వేస్తాను. ఆదివారం తీసి కుళాయి కింద పెడితే తొక్క వేలితో లాగితే వచ్చేస్తుంది. మామూలుగా అయితే వేడినీళ్లలో ముంచి, చన్నీళ్లలో వేసి తీయాల్సిన తొక్క అది. కరిగాక మెత్తబడిపోతాయి కాబట్టి పచ్చిగా తినడానికి పనికిరావు, సాస్‌కి శుభ్రంగా పనికొస్తాయి. జామ్ చేయాలనుకున్న పండ్లనీ ఇలాగే కూడబెట్టొచ్చు.

బీన్స్‌ని మాత్రం పచ్చిగా పెట్టకూడదు. గడ్డకట్టినా కూరగాయలోని ఎంజైములు నెమ్మదిగా పని చేస్తూనే ఉంటాయి, కొన్ని వారాలకి రంగూ రుచీ పోతాయి. మరిగే నీళ్లలో 3 నిమిషాలు ఉంచి, వెంటనే ఐసునీళ్లలో మరో 3 నిమిషాలు ముంచి, గుడ్డ మీద ఆరబెట్టండి. పళ్లెంలో ఒక వరసగా పరిచి గడ్డకట్టాక సంచిలోకి మార్చితే ఒకదానికొకటి అంటుకోవు, కావాల్సినన్ని తీసుకోవచ్చు. ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాలి. కరెంటు పోతే తలుపు తీయకండి. నిండుగా ఉన్న ఫ్రీజర్ మూసి ఉంచితే దాదాపు 48 గంటలు చల్లదనం నిలుపుతుంది, సగమే నిండితే 24. మా పెద్దది తలుపు మీద "కరెంటు లేదు, ముట్టుకుంటే ఊరుకోను" అని కాగితం అతికించింది. అది వాళ్ల నాన్న కోసం.

ఉప్పూ, ఓపికా

వదిలేస్తే దానంతటది జరిగే నిల్వల్లో క్యాబేజీ ఊరవేయడానికి మించింది లేదు. మన చేతిపని అంతా కలిపి అరగంట. మిగతాది ఆకు మీద ముందే ఉన్న లాక్టిక్ బ్యాక్టీరియా చూసుకుంటుంది. ఉప్పు వల్ల చెడ్డ క్రిములు వెనక్కి తగ్గుతాయి, ఈ బ్యాక్టీరియా ఉప్పుని తట్టుకుని ఆమ్లం తయారుచేస్తుంది, ఆ పులుపు మిగతావాటిని రానివ్వదు.

కిలో క్యాబేజీకి 20 గ్రాముల ఉప్పు, అంటే 2 శాతం. చెంచాలతో కొలవకండి, ఉప్పు గరుకో సన్నమో అన్నదాన్ని బట్టి చెంచాలో పట్టే బరువు మారిపోతుంది. చిన్న వంటింటి త్రాసు ఒకటి కొనుక్కోండి, నిల్వల పనిలో ఇంతకన్నా పనికొచ్చే వస్తువు లేదు. క్యాబేజీ సన్నగా తరిగి, ఉప్పు చల్లి, రెండు చేతులతో పిండండి. ఇక్కడ మీరు లేచి వెళ్లొచ్చు. అరగంటా గంటా అలా వదిలేస్తే ఉప్పు నీళ్లని బయటికి లాగుతుంది, పిసికే శ్రమ సగం తగ్గుతుంది. తిరిగొచ్చాక గిన్నె అడుగున నీరు చేరి ఉంటుంది, ఆకు వంగుతుంది గానీ విరగదు. అప్పుడు సీసాలో పిడికిలితో కూరండి. దాని నీళ్లే దాని మీదికి రావాలి. రాకపోతే లీటరు నీళ్లకి 20 గ్రాముల ఉప్పు కలిపి పైన పోయండి. పైన ఒక పెద్ద ఆకు పరిచి, నీళ్లు నింపిన చిన్న గాజుసీసా ఒకటి బరువుకి పెట్టండి. ముక్క ఏదీ నీళ్ల పైకి తేలకూడదు. గాలి తగిలిన చోటే బూజు మొదలవుతుంది.

మూత బిగించొద్దు, వదులుగా పెట్టి సీసా కింద పళ్లెం ఉంచండి. మొదటి రోజుల్లో బుడగలు వచ్చి నీళ్లు పొంగుతాయి. "అమ్మాయ్, నీ సీసా గొణుగుతోంది, ఒకసారి చూడు" అని అత్తయ్య పిలుస్తారు. గొణుగుతోందంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. 20 డిగ్రీల చుట్టుపక్కల ఉండే గదిలో మూడు నాలుగు వారాలు పడుతుంది, వేడిగా ఉంటే ఇంకా త్వరగా పులుస్తుంది. వారం దాటాక శుభ్రమైన చెంచాతో రుచి చూస్తూ, నచ్చిన పులుపు దగ్గర ఫ్రిజ్‌లోకి మార్చేయండి. అక్కడ పులియడం బాగా నెమ్మదిస్తుంది. పైన తెల్లటి పల్చటి పొర కడితే అది ఈస్టు, తీసేస్తే సరి. నూగుతో, ఆకుపచ్చగానో నల్లగానో గులాబీ రంగుగానో కనిపిస్తే పైపైన తీసి సరిపెట్టుకోకండి, మొత్తం పారేయండి.

ఎండబెట్టడం ఇంకా తేలిక. పుదీనా, తులసి లాంటి ఆకులు గుప్పెడేసి కట్టలు కట్టి నీడలో గాలాడేచోట తలకిందులుగా వేలాడదీయండి. వేళ్లతో నలిపితే గలగలమని పొడైతే అయిపోయినట్టు. టమాటా ముక్కలూ పండ్ల ముక్కలూ అయితే అరసెంటీమీటరు మందాన ఒకే తీరుగా కోసి 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టాలి. ఆపిల్ నల్లబడకుండా కోసిన వెంటనే నిమ్మరసం కలిపిన నీళ్లలో ముంచి తీయండి. ఎండిన పండ్లని వెంటనే దాచేయకుండా గాజుసీసాలో మూడింట రెండొంతుల దాకా పోసి, ఒక వారం రోజూ కుదిపి చూడాలి. ఆ కుదపడం మా చిన్నాడి ఉద్యోగం. సీసా గోడ మీద తడి కనిపిస్తే ఇంకా తేమ ఉన్నట్టు, మళ్లీ ఆరబెట్టాలి. కనిపించకపోతే మూత బిగించి చీకట్లో పెట్టండి.

ఆదివారం గంట

జామ్ మొదలుపెడితే ఫోన్ మోగినా తలుపు కొట్టినా నేను లేవను. పంచదార పాకం చర్మం మీద పడితే నీళ్లకన్నా దారుణంగా కాలుతుంది, అందుకే ఆ గంట పిల్లలకి వంటింట్లోకి రావద్దని చెప్పేస్తాను. పండులోని పెక్టిన్ అనే జిగురు పదార్థం, పులుపు, పంచదార మూడూ కుదిరితేనే జామ్ బిగుస్తుంది. తియ్యటి పండైతే నిమ్మరసం వేయాల్సిందే. థర్మామీటరు 104, 105 డిగ్రీలు చూపిస్తే అయినట్టు. అది లేకపోతే చిన్న పళ్లెం ముందే ఫ్రీజర్‌లో పెట్టుకుని, దాని మీద చుక్క వేసి నిమిషం ఆగి వేలితో తోయండి. ముడతపడితే దించేయొచ్చు, పరీక్ష చేసేటప్పుడు మంట ఆపాలి సుమా. పాళ్లు రెట్టింపు చేసి పెద్ద గిన్నెలో కాయొద్దు. నీరు ఆవిరవడానికి ఎక్కువసేపు పట్టి పండు రుచి మాడుతుంది, కొన్నిసార్లు బిగుసుకోదు కూడా.

ఇక సీసాలు సీలు చేసి బయట నిల్వ ఉంచడం. మిగతా వాటిలో అటూ ఇటూ అయితే పోయేది రుచే. ఇక్కడ ప్రాణం మీదికి రావచ్చు, కాబట్టి ఈ పనిలో నేను సొంత తెలివి వాడను. ఫ్రాన్సులో నికోలా అపేర్ అనే మిఠాయి వంటవాడు గాజుసీసాల్లో ఆహారం మూసి మరిగించి నిల్వ చేసే పద్ధతి కనిపెట్టి, 1810లో ప్రభుత్వం నుంచి 12,000 ఫ్రాంకులు అందుకున్నాడు. ఆహారం ఎందుకు చెడట్లేదో మాత్రం ఆయనకి తెలియదు. క్రిముల సంగతి పాశ్చర్ తేల్చింది ఆ తర్వాత యాభై ఏళ్లకి. ఇప్పుడు మనకి తెలుసు కాబట్టి తెలిసినట్టు నడుచుకుంటే మంచిది.

ప్రమాదం ఉన్నవాటికీ లేనివాటికీ మధ్య గీత ఎక్కడుందంటే, పులుపుని కొలిచే పీహెచ్ అంకె 4.6 దగ్గర. ఆ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. అంతకన్నా పుల్లగా ఉన్నవి, అంటే చాలామటుకు పండ్లు, జామ్‌లు, సరిపడా వెనిగర్ పోసిన ఊరగాయలు, మరిగే నీళ్లలో సీసా ముంచి ఉంచితే సరిపోతుంది. పులుపు తక్కువున్నవాటిలో బోటులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషాన్ని తెచ్చే బ్యాక్టీరియా బీజాలు బతికిపోతాయి. 100 డిగ్రీల దగ్గర మామూలుగా మరిగిస్తే అవి చావవు, గాలిలేని సీసా వాటికి కావాల్సిన చోటే. రంగు మారకపోవచ్చు, వాసన రాకపోవచ్చు. అందుకే బీన్స్, క్యారెట్, మొక్కజొన్న లాంటివి ఉప్పునీళ్లు పోసి సీసాలో సీలు చేయకండి. వాటికి ప్రెషర్ క్యానర్ కావాలి, అంటే సీసాలని ఆవిరి ఒత్తిడితో దాదాపు 116 డిగ్రీలకి వేడిచేసే పాత్ర, ఇంట్లో వంటకి వాడే మామూలు ప్రెషర్ కుక్కర్ దానికి బదులు కాదు. నా దగ్గర క్యానర్ లేదు, అలాంటివన్నీ ఫ్రీజర్‌కే పోతాయి.

టమాటా సరిగ్గా ఆ గీత మీద ఉంటుంది, కొన్ని రకాలు దాటుతాయి కూడా. అందుకని లీటరు సీసాకి 2 పెద్ద చెంచాల సీసా నిమ్మరసమో, అర చిన్న చెంచా సిట్రిక్ యాసిడో తప్పకుండా వేయాలి. అప్పుడే పిండిన నిమ్మరసం వద్దు, ఒక్కో కాయ పులుపు ఒక్కోలా ఉంటుంది. కొన్నదానిలో అది స్థిరంగా ఉంటుంది. వెనిగర్ 5 శాతం ఆమ్లత ఉన్నదే తీసుకోండి, రుచికోసం దాన్ని పల్చన చేయొద్దు, ఘాటనిపిస్తే కాస్త పంచదార వేసుకోండి. ఎంతసేపు మరిగించాలన్నది సీసా సైజునీ, లోపలి పదార్థాన్నీ, మీరుండే ఎత్తునీ బట్టి మారుతుంది. పరీక్షించిన పట్టిక చూసి చేయండి, చుట్టాలు చెప్పిన లెక్క పట్టుకోకండి. నూనెలో వేసిన పచ్చి వెల్లుల్లిని బయట అలమారాలో ఉంచడం కూడా ఇదే ప్రమాదం. ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో అవగొట్టండి. మూత ఉబ్బిన సీసా, తెరవగానే చిమ్మిన సీసా ఏదైనా సరే, చెడిందో లేదో చూద్దామని నాలిక్కి తాకించకండి.

చేతిపని సూదిడబ్బాలోంచి

ఒక బిస్కెట్ డబ్బాలో దారం ఎక్కించిన సూదులు రెండు, కత్తెర, కుట్టాల్సిన గుడ్డ పెట్టి ఉంచుతాను. కూర్చోగానే చేతికి దొరకాలి. దారం వెతుక్కోవడంతో మొదలైతే ఉన్న పది నిమిషాలూ వెతుకులాటకే పోతాయి. ఎక్కాల అరగంటలో కుట్టగలిగేవి: సీసా మూతల మీద కట్టే గుండ్రటి గుడ్డలు, ఎండిన ఆకులు దాచే చిన్న సంచులు. లేవాల్సొచ్చినప్పుడు ఒక ముడి వేసి సూది గుడ్డలోకే గుచ్చి డబ్బా మూసేయడమే.

పాత టీషర్టు ఉంటే చంకల కిందనుంచి అడ్డంగా కోసి, ఆ గొట్టాన్ని రెండు సెంటీమీటర్ల వెడల్పున చుట్టూ మెలికలుగా ఒకే పొడుగు పేలిక వచ్చేలా కత్తిరించండి. గట్టిగా లాగితే అంచులు లోపలికి ముడుచుకుని తాడవుతుంది. ఆ తాళ్లు మూడు జడ అల్లితే కుండీ వేలాడదీసే ఉట్టి, ఇంకా పొడుగ్గా అల్లి చుట్టలు చుట్టి కుడితే కాళ్లు తుడుచుకునే పట్టా. పట్టా ఎన్ని నెలలకి పూర్తయినా ఎవరూ అడగరు.

విత్తనాల పొట్లానికి జిగురు అక్కర్లేదు. చతురస్రం కాగితాన్ని మూలకి మూల కలిపి త్రికోణంగా మడవండి, పొడుగు అంచు మీవైపు ఉండాలి. ఎడమ మూలని ఎదురుగా ఉన్న కుడి అంచుకి తాకించి మడవండి, మడతపై అంచు కింది అంచుకి సమాంతరంగా రావాలి. కుడి మూలనీ అలాగే ఎడమకి. పైన రెండు చెవులు మిగులుతాయి. ముందుదాన్ని ఎదురుగా ఏర్పడ్డ జేబులోకి దోపి, లోపల విత్తనాలు పోసి, రెండోదాన్ని పొట్లం నోరు మూసేలా ముందుకి మడిచి అదే జేబులోకి దోపేస్తే అయిపోయింది. పేరూ, తేదీ మడవకముందే రాయించండి, విత్తనాలు పోశాక రాస్తే పెన్ను గుచ్చుకుంటుంది. టమాటా గింజలైతే గుజ్జుతో పాటు గ్లాసులో రెండు మూడు రోజులు పులియనిచ్చి కడిగి ఆరబెట్టాలి, గింజ చుట్టూ ఉన్న జిగట అప్పుడే వదులుతుంది. హైబ్రిడ్ కాయల గింజలు దాచుకోవద్దు, తల్లిమొక్క లాంటిది రాదు.

రంగద్దకం కూడా కూర్చోకుండా జరిగే పనే. ఎండిన ఉల్లిపొట్టు ఒక సంచిలో పోగుచేస్తూ ఉండండి. గుడ్డ ఎంత బరువుంటే పొట్టు కనీసం అందులో సగం కావాలి. నూలు గుడ్డని ముందు వాషింగ్ సోడా వేసిన నీళ్లలో మరిగించి, జిడ్డు పోయేదాకా ఉతకాలి, లేకపోతే రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. తర్వాత 100 గ్రాముల గుడ్డకి 15 గ్రాముల పటిక కరిగించిన వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టండి. వేరే గిన్నెలో పొట్టుని సన్నసెగ మీద గంటసేపు కాచి వడకట్టి, తడి గుడ్డ అందులో వేసి మరో గంట వేడి మీద ఉంచి, స్టవ్ ఆపేసి తెల్లారేదాకా వదిలేయండి. బంగారు పసుపు నుంచి ముదురు నారింజ దాకా ఏదో ఒకటి వస్తుంది, ఏది వస్తుందో ముందే చెప్పలేం. తుప్పుపట్టిన మేకు ఒకటి వేస్తే ఆకుపచ్చ చాయలోకి తిరుగుతుంది. ఆ గిన్నెని మళ్లీ వంటకి వాడకూడదు. ఎండ తగిలితే ఈ రంగు కొన్నాళ్లకి వెలుస్తుంది, కాబట్టి కర్టెన్లకి వద్దు, లోపల ఉండే సంచులకి సరిపోతుంది.

నెలాఖరు వారం ఇవన్నీ నేను ముట్టుకోను. పులుస్తున్న సీసా ఉంటే ముందే ఫ్రిజ్‌లోకి పోతుంది. పండినవన్నీ సంచులకెక్కి ఫ్రీజర్‌లో పడతాయి. కోయాల్సిన ఆకులు కోసి, తరిగి, ఐసు ట్రేలో నీళ్లు పోసి గడ్డకట్టిస్తుంది పెద్దది. కుండీల్లో వేలు గుచ్చి చూసే పని ఆ వారం వాళ్ల నాన్నది, అత్తయ్య కుర్చీలో కూర్చుని ఎండిన బీన్స్ కాయలు ఒలిచి పెడతారు. నెల లెక్కలు ముగిసిన మర్నాడు ముందు పళ్లేల్లో నీళ్లు పారబోసి, తర్వాత ఫ్రీజర్ తలుపు తీసి ఆదివారానికి ఏముందో చూసుకుంటాను.